కమ్యూనిటీ పోస్టింగులో పల్లెకు నిజంగా ఏం చేయగలం?

శ్రీకాకుళం జిల్లాలో బీఎస్సీ నర్సింగ్ ఏడో సెమిస్టర్ చదువుతున్న మీరు రెండు ప్రశ్నలు అడిగారు. త్వరలో సోంపేట వైపు ఒక పల్లెలో మీకు నాలుగు వారాల కమ్యూనిటీ పోస్టింగ్ ఉంది. రికార్డులు నింపుకొని రావడమే తప్ప దానివల్ల ఊరికి ఒరిగేదేమీ లేదని సీనియర్లు అంటున్నారు, అది నిజమేనా అన్నది మొదటి ప్రశ్న. చదువయ్యాక పల్లెలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా చేరితే ఎదుగుదల అక్కడితో ఆగిపోతుందా అన్నది రెండోది. నేను విజయనగరంలో ఆరేళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఆ తరువాత పంతొమ్మిదేళ్ళుగా ఈ రెండు జిల్లాల్లోనూ కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ బోధిస్తూ, ఏటా విద్యార్థులను వెంటబెట్టుకొని ఊళ్ళు తిరుగుతున్నాను. ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను.

మీ సీనియర్లు చెప్పినదాంట్లో సగం నిజముంది. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఫ్యామిలీ ఫోల్డర్లు, అంటే ఒక్కో ఇంటివాళ్ళ ఆరోగ్య వివరాలు రాసే రికార్డులు, ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు నకళ్ళుగా దిగేవి. ఒకసారి నేను దిద్దడానికి తీసుకున్న ఫోల్డర్‌లో అప్పటికి రెండేళ్ళ కిందటే చనిపోయిన ముసలాయనకు ఆ నెల బీపీ ఎంత ఉందో రాసి ఉంది. రాసిన అమ్మాయిని పిలిచి అడిగితే ఏడ్చేసింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఉదయం తొమ్మిదిన్నరకు బస్సు దింపి మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కించుకొని వెళ్ళిపోతుంటే, ఇరవై ఫోల్డర్లు నింపమని మేమే చెబుతుంటే, ఏ పిల్ల మాత్రం ఏం చేయగలదు?

పల్లెలో నర్సు చేసే పనికి విలువ మొదటిసారి వెళ్ళినప్పుడు రాదు, అదే గుమ్మానికి రెండోసారి వెళ్ళినప్పుడు వస్తుంది. ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు ఉద్దానంలో ఒక ఊరి బడి వరండాలో వైద్య శిబిరం పెట్టాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వరుస కట్టారు. కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దించే ఒకాయన వచ్చి కూర్చున్నాడు. వయసు నలభై దాటి ఉండదు. ఆకలి వేయడం లేదనీ, రాత్రి మూడుసార్లు లేవవలసి వస్తోందనీ, నడుం నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటున్నాననీ చెప్పాడు. నేను బీపీ చూసి, రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన ‘రిఫర్’ అని రాసి, పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పి తరువాతి మనిషిని పిలిచాను. ఆ రిజిస్టర్ మాతోపాటు బస్సెక్కి కళాశాల బీరువాలోకి చేరింది. ఐదేళ్ళ తరువాత విశాఖలో మా బంధువును చూడడానికి వెళ్ళినప్పుడు, డయాలసిస్ గది బయట బెంచీ మీద ఆయన కనిపించాడు. గుర్తుపట్టింది ఆయనే. “మా బడికాడ బీపీ సూసినావు కదమ్మా” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. తెలిసిన ముఖం కనిపించిందన్న సంతోషంతోనే పలకరించాడు. అది నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు. నేను వెళ్ళమన్నది ఏ ఆసుపత్రికో, ఏ రోజు ఏ బస్సు ఎక్కాలో, అక్కడ ఏ పరీక్ష అడగాలో చెప్పలేదు. ఆయన వెళ్ళాడా లేదా అని కనుక్కోవడానికి వెనక్కి వెళ్ళనూ లేదు.

పల్లెల్లో మనం చూసే జబ్బులలో చాలావాటికి ఒకసారి చేసే పరీక్ష చాలదు. కిడ్నీ దీర్ఘకాలికంగా దెబ్బతిన్నదని నిర్ధారించాలంటే ఆ లోపం మూడు నెలలకు పైగా కొనసాగుతున్నట్టు తేలాలి, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష మళ్ళీ చేయించాలి. ఒక్కసారి 150 చూపించిన మనిషికి బీపీ ఉందని ముద్ర వేయకూడదు, కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఆగి, రెండుసార్లు చూసి, మరో రోజు మళ్ళీ చూడాలి. గర్భిణికి ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రామైనా పెరగకపోతే పై ఆసుపత్రికి పంపాలి. పసిబిడ్డకు పెంటావలెంట్ టీకా ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడాలి. క్షయ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. అన్నీ తేదీలతో ముడిపడినవే. ఆ తేదీన ఆ ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళకపోతే మొదటి రోజు చేసిన పనంతా వృథా అవుతుంది. అలా వెళ్ళగలిగే మనిషి నర్సే.

మీరు వెళ్తున్నది ఉద్దానం ప్రాంతం కాబట్టి దాని గురించి కొంత వివరంగా చెబుతాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగరూ బీపీ లేనివారిలో కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. దానికి ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల పథకంతో తాగునీరు తెచ్చారు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. ఇవి ఎంతో అవసరమైనవి. అయినా పల్లెలో మీరు చేయవలసిన పని మిగిలే ఉంటుంది. ఈ జబ్బు మొదట్లో మనిషికి ఏ బాధా పెట్టదు. పైగా డిప్‌స్టిక్‌తో, అంటే మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్‌తో చూసినప్పుడు మూత్రంలో ప్రొటీన్ అసలు కనిపించకపోవచ్చు, లేదా కొద్దిగానే కనిపించవచ్చు. కాబట్టి స్ట్రిప్ రంగు మారలేదని “మీకేం ఫర్వాలేదు” అని మాత్రం అనకండి. ఇంట్లో ఇదివరకే ఒకరికి జబ్బు ఉంటే మిగతావారికి క్రియాటినిన్ పరీక్ష చేయించడానికి పీహెచ్‌సీ వైద్యాధికారితో మాట్లాడండి. అన్నిటికంటే ముందు, ఒళ్ళు నొప్పులకు వాడుతున్న మందుల కవరు తెచ్చి చూపించమని అడగండి. “మందులేమైనా వాడుతున్నారా” అని అడిగితే లేదంటారు, ఎందుకంటే వారి లెక్కలో నొప్పి బిళ్ళ మందు కాదు, టీ లాంటిది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు నెలల తరబడి వాడితే కిడ్నీకి చేటు అని నెమ్మదిగా చెప్పి, వాటి బదులు ఏం వాడాలో వైద్యాధికారినే అడిగి, ఆ సమాధానంతో మళ్ళీ వారి ఇంటికి వెళ్ళండి. అక్కడితో అది రెండో సందర్శన అవుతుంది, మీరు వేరే వంక వెతుక్కోనక్కరలేదు.

ఆర్‌ఎంపీతో తగవు పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. అర్ధరాత్రి పిలిస్తే పలికేది అతనే కనుక ఊరు అతని పక్షాన నిలుస్తుంది. కూర్చోబెట్టి, కిడ్నీ రోగులున్న ఇళ్ళ జాబితా చూపించి, ఈ ఇళ్ళవాళ్ళకు మాత్రం ఆ సూది వేయవద్దని అడిగితే ఒప్పుకున్నవారిని నేను చూశాను. ఒప్పుకోనివారినీ చూశాను.

మీకు ఇరవై కుటుంబాలు ఇచ్చినా, అందులో ఐదింటిని మీరే ఎంచుకోండి. కుర్చీ వేసి కాఫీ ఇచ్చే ఇళ్ళు ఎలాగూ మీ పని తేలిక చేస్తాయి. నేను చెబుతున్నది తలుపు సగమే తీసే ఇళ్ళ గురించి. ఊరి చివరి కాలనీలో, కొడుకులంతా వలసపోగా ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఇంట్లో, పదిహేడేళ్ళకే పెళ్ళయి గర్భంతో ఉన్న పిల్ల ఉన్న ఇంట్లో మీ అవసరం ఎక్కువ. వెళ్ళే వేళ కూడా వారిదే కావాలి, బస్సు వేళ కాదు. తీరం వెంబడి ఊళ్ళలో పొద్దున్నే ఆడవాళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకొని వెళ్ళిపోతారు, మధ్యాహ్నం దాటితే గాని దొరకరు. పలాస వైపు జీడి పనికి వెళ్ళేవారు చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. వారి చేతులు గమనించండి. జీడిపిక్క తొక్కలోని నూనె తగిలి వేళ్ళు నల్లబడి, చర్మం కాలి, పగుళ్ళు పట్టి ఉంటాయి. హిమోగ్లోబిన్ కోసం ఆ వేలికి సూది గుచ్చేముందు ఏ వేలు నొప్పి లేకుండా ఉందో అడగండి. అడిగినందుకే ఆమె మీతో మాట్లాడుతుంది. సాయంత్రం వేళల్లో ఒంటరిగా మాత్రం వెళ్ళకండి, ఇద్దరు కలిసి, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొనే వెళ్ళండి. ఈ వేళల గురించి మీ టీచర్‌తో ముందే మాట్లాడి బస్సు సంగతి తేల్చుకోండి, అడగకపోతే ఎవరూ మార్చరు.

బ్యాగ్ టెక్నిక్‌ను, అంటే ఇళ్ళకు తీసుకెళ్ళే నర్సు బ్యాగును శుభ్రంగా వాడే పద్ధతిని, పరీక్ష కోసం నేర్చుకొనే తతంగంగా చూడకండి. నేలమీద పాత పేపరు పరిచి, దానిమీద బ్యాగు పెట్టి, ముందుగా సబ్బూ తువ్వాలూ తీసి, ఆ ఇంటివాళ్ళు పోసిన నీళ్ళతో చేతులు కడుక్కొని, ఆ తరువాతే మిగతా సామాను తీసేటప్పుడు ఇంటిల్లిపాదీ మిమ్మల్నే చూస్తూ ఉంటారు. పిల్లలైతే ఊపిరి బిగబట్టి చూస్తారు. చేతులు ఎలా కడుక్కోవాలో నేను గంటసేపు చెప్పిన ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు గానీ, “ఆ సిస్టరమ్మ మన ఇంట్లో సబ్బెట్టి మోచేతిదాకా కడుక్కుంది” అన్న మాట మాత్రం వీధంతా తిరిగింది.

రక్తహీనత విషయంలో మా విద్యార్థిని ఒకామె చేసిన పని మీకు పనికొస్తుంది. గజపతినగరం వైపు ఒక పల్లెలో ఐదో నెల గర్భిణికి హిమోగ్లోబిన్ 8.2 ఉంది. మాత్రలు వేసుకుంటున్నారా అంటే వేసుకుంటున్నానంది. కార్డులో కూడా మాత్రలు ఇచ్చినట్టే ఉంది. రెండోసారి వెళ్ళినప్పుడు మా అమ్మాయి మంచినీళ్ళు అడిగి, వంటింటి గుమ్మం దగ్గర కూర్చొని మాట్లాడుతుంటే, చూరులో దోపిన కవరు కనిపించింది. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి. అడిగితే కోడలు మాట్లాడలేదు, అత్తగారు మాట్లాడింది: “అవి మింగితే గుంట నల్లగా పుడతాదట సిస్టరమ్మా, పైగా దీనికి వాంతులు.” మా అమ్మాయి వాదించలేదు. “మామ్మగారూ, మీకెంతమంది పిల్లలు” అని అడిగి, ఆమె కాన్పుల కథ మొత్తం విన్నది. మూడో కాన్పులో రక్తం పోయి చావు తప్పి బయటపడ్డానని ఆవిడే చెప్పింది. అప్పుడు మా అమ్మాయి, “మీ కోడలి ఒంట్లో అంత పోవడానికి కూడా రక్తం లేదు మామ్మగారూ” అంది. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు.

మూడోసారి వెళ్ళేసరికి మాత్రలు చూరులోంచి గూట్లోకి వచ్చాయి. అయితే మరో చిక్కు ఉంది. ఐరనూ కాల్షియమూ రెండూ కలిపి టీతో మింగుతోంది. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, కాల్షియం కూడా అంతే, ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. వాంతులు తగ్గడానికి ఐరన్‌ను రాత్రి అన్నం తిన్నాక నిమ్మరసం నీళ్ళతో వేసుకోమనీ, మలం నల్లగా వస్తే భయపడవద్దనీ చెప్పింది. గర్భిణులకు మామూలుగా రోజుకొకటి చొప్పున 180 మాత్రలు ఇస్తారు, రక్తహీనత ఉన్నప్పుడు రోజుకు రెండు. హిమోగ్లోబిన్ ఏడుకు లోపు పడిపోతే ఇంటి దగ్గర వైద్యం చేయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిందే. ఈమెకు నెల తిరిగేసరికి 9.4 వచ్చింది. ఆ అంకె చూడడానికి మా అమ్మాయి పోస్టింగు ముగిశాక, ఆదివారం నాడు తన బస్సు ఖర్చులు తనే పెట్టుకొని వెళ్ళింది. ఆమె రాసిన కేసు స్టడీకి నేను వేసిన మార్కులు చాలా తక్కువని ఇప్పుడు అనిపిస్తుంది.

ఊళ్ళో మీకు అసలైన గురువు ఏఎన్‌ఎం గారు, అంటే అక్కడి సబ్‌సెంటర్ నర్సు. ఆమె చదువు మీకంటే తక్కువే కావచ్చు. ఏఎన్‌ఎం కోర్సు రెండేళ్ళు, మీది నాలుగేళ్ళు. అయితే ఏ ఇంట్లో మాత్రలు పారేస్తారో, ఏ ఇంటి మగవాడు తాగి వస్తాడో, ఏ పిల్ల పురిటికి పుట్టింటికి వెళ్ళిందో ఆమెకే తెలుసు. మొదటి రోజున ఆమెను ‘మేడమ్’ అని పిలిచి, ఎవరింటికి వెళ్ళమంటారో ఆమెనే అడగండి. రేపు మీరు ఉద్యోగంలో చేరినప్పుడు కూడా, ఇరవై ఏళ్ళుగా ఆ సబ్‌సెంటర్‌ను మోసిన ఏఎన్‌ఎం గారి పక్కన ఇరవై మూడేళ్ళ వయసులో మీరు కుర్చీ వేసుకొని కూర్చుంటారు. అక్కడ మాట తేడా వస్తే నష్టపోయేది ఊరే. ఆశా కార్యకర్త విషయం కూడా ఇంతే.

కొండ ఊళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ పోస్టింగ్ అక్కడ కాకపోయినా రేపు ఉద్యోగం అక్కడే పడవచ్చు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవరలు, శృంగవరపుకోట పై పంచాయతీల్లో గిరిజన కుటుంబాలు, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, సాలూరు వైపు ఊళ్ళు, అన్నిచోట్లా గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే పరిస్థితి ఇంకా పూర్తిగా పోలేదు. నొప్పులు మొదలయ్యాక మనం చేయగలిగింది తక్కువ. కాన్పు తేదీల జాబితా గోడకు అంటించుకొని, తేదీకి ముందే ఆమెను కిందికి దింపి ఆసుపత్రికి దగ్గరగా ఉంచగలిగితే డోలీ అవసరం ఉండదు. దానికి ఆమె భర్తతో, అత్తతో, మిగతా పిల్లలను చూసుకునేవారితో రెండు మూడు నెలల ముందునుంచే మాట్లాడుతూ ఉండాలి. మొదటిరోజే దిగిరమ్మంటే ఎవరూ రారు. వారి మాట వచ్చి ఉంటే ఎంతో మేలు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకొని, సవర పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించిన ప్రాంతం మనది. నర్సు పదిమాటలైనా నేర్చుకోకపోతే ఎలా? నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల నుంచి, బిడ్డ పాలు తాగుతోందా, ఇంత మాత్రం వస్తే చాలు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు పరీక్షలు కూడా ఈ ఊళ్ళలోనే జరుగుతున్నాయి. 2047 నాటికి ఆ జబ్బును నిర్మూలించాలని 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమంలో నలభై ఏళ్ళలోపు వారికి పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డులో ఏముందో, పెళ్ళి కుదుర్చుకొనేముందు అబ్బాయిదీ అమ్మాయిదీ రెండు కార్డులూ ఎందుకు చూసుకోవాలో ఇంటికి వెళ్ళి వివరించే మనిషి లేకపోతే, అది రేషన్ కార్డు పక్కన మరో కార్డుగా మిగిలిపోతుంది.

వలసల మాట కూడా మరువకండి. మన ఊళ్ళలో నడివయసు మగవాళ్ళు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, మత్స్యకారులైతే గుజరాత్ తీరంలో ఉంటారు. బీపీ, షుగర్ పరీక్షల రిజిస్టర్లలో ఆడవాళ్ళ పేర్లే నిండుగా కనిపించడానికి ఇదొక కారణం. వాళ్ళు ఇంటికి వచ్చేది సంక్రాంతికి, అమ్మవారి సంబరాలకు. మేము ఒక ఊళ్ళో భోగికి రెండు రోజుల ముందునుంచి కనుమ మర్నాటిదాకా విద్యార్థులను ఇద్దరిద్దరుగా తిప్పినప్పుడు, అంతకుముందు ఏడాది పొడవునా దొరకని మగవాళ్ళందరూ అరుగుల మీద దొరికారు. బీపీ ఉన్నవారికి తిరిగి వెళ్ళేలోపు పీహెచ్‌సీ నుంచి మందులు ఇప్పించి, ఫోన్ నంబర్లు తీసుకున్నాం. ఆ ఫోన్ చేయడం కూడా రెండోసారి వెళ్ళడమే. పండగ సెలవులు పోయినందుకు పిల్లలకు నామీద కోపం వచ్చింది, అది న్యాయమే, తరువాత వేరే సెలవులు ఇప్పించాను.

ఇక మీ రెండో ప్రశ్న. జర్మనీకో, గల్ఫ్‌కో, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రికో వెళ్ళాలనుకోవడం తప్పని నేను అనను. మీ నాన్నగారు ఫీజుల కోసం అప్పు చేశారని మీరే రాశారు. ఆ అప్పు తీర్చడం కూడా బాధ్యతే. అయితే పల్లె ఉద్యోగం గురించి సరైన లెక్క తెలుసుకొని నిర్ణయించుకోండి. 2018లో కేంద్రం మొదలుపెట్టిన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లే ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు. మన రాష్ట్రంలో సుమారు 2,500 జనాభాకు ఒకటి చొప్పున విలేజ్ హెల్త్ క్లినిక్‌లుగా పెట్టినవి ఇవే. వాటిలో బీఎస్సీ నర్సింగ్ చదివినవారినే ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే మీరు అడిగిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా తీసుకున్నారు. అలా తీసుకున్నప్పుడు జీతం 25,000 రూపాయలు, దానిమీద పనిని బట్టి ప్రోత్సాహకం. ఉద్యోగం కాంట్రాక్టుది. యాప్‌లలో నింపవలసినవి చాలా ఉంటాయి, సిగ్నల్ లేని ఊళ్ళలో అది పెద్ద తలనొప్పి. ఇవన్నీ నిజాలే, వీటిని కప్పిపుచ్చి మిమ్మల్ని పల్లెకు రమ్మనడం నాకు ఇష్టం లేదు.

దానికి ఎదురుగా ఉన్న నిజం కూడా చెబుతాను. ఆసుపత్రి వార్డులో మీరు డాక్టరు రాసిన ఆర్డరు ప్రకారం మందు ఇస్తారు. ఊళ్ళో మాత్రం ఎదుట కూర్చున్న మనిషిని ముందుగా చూసేది మీరే, ఇది ఇక్కడ చూడదగినదా, టెలిమెడిసిన్‌లో డాక్టరుకు చూపించాలా, వెంటనే 108 పిలవాలా అని తేల్చవలసిందీ మీరే. రెండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవారికి వచ్చే తీర్పరితనం నేను వార్డుల్లో పదేళ్ళు చేసినవారిలోనూ తరచుగా చూడలేదు. అక్కడినుంచి ఎమ్మెస్సీకి వెళ్ళి కమ్యూనిటీ హెల్త్ తీసుకున్న నా విద్యార్థులు ఇప్పుడు బోధనలో ఉన్నారు. విదేశాలకు వెళ్ళినవారూ ఉన్నారు, వెళ్ళాక కూడా వారి ఊరి ఏఎన్‌ఎం గారికి ఫోన్ చేసి ఫలానా ఇంటివాళ్ళు ఎలా ఉన్నారని అడుగుతారు. మీరు రెండేళ్ళు అని గడువు పెట్టుకొని చేరండి. గడువు తీరాక ఉండాలో వెళ్ళాలో మీకే తెలుస్తుంది. ఇంటి అప్పు అంతవరకు ఆగేలా లేకపోతే మాత్రం మొహమాటపడకుండా ముందు దాని సంగతి చూసుకోండి.

ఇంతలోగా ఈ పోస్టింగ్ సంగతి. కళాశాల ఇచ్చే రికార్డు పుస్తకం కాక, జేబులో పట్టే నోటుపుస్తకం ఒకటి కొనుక్కోండి. ఇంటి పేరు, చూసిన తేదీ, ఏం చెప్పారు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, ఈ నాలుగే రాయండి. చివరి వారంలో ఆ పుస్తకం ముందు పెట్టుకొని, మీరు వెళ్ళిపోయిన తరువాత ఎవరి తేదీలు రాబోతున్నాయో ఒక తెల్లకాగితం మీద తీయండి: ఫలానా ఆమెకు 20వ తేదీన హిమోగ్లోబిన్, ఫలానా బిడ్డకు పద్నాలుగో వారం టీకా, ఫలానా ఆయనకు మూడు నెలలకు క్రియాటినిన్. ఆ కాగితాన్ని ఏఎన్‌ఎం గారి చేతికిచ్చి, ఆమెతో కూర్చొని ఒక్కొక్క పేరూ చదవండి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకొని, మీ తరువాత ఆ ఊరికి వచ్చే బ్యాచ్ అమ్మాయిల పేర్లు కనుక్కొని, వారు బస్సెక్కే ముందే వారికి ఇవ్వండి.